'రైతుబిడ్డ' చలనచిత్రము : పాశ్చాత్యరూపము, రాజకీయ వ్యంగ్యము

వంశధారాతీరమున నున్న శ్రీముఖలింగ క్షేత్రమే ప్రాచీన కళింగనగరమని గిడుగు వేంకటరామమూర్తిపంతులుగారు శాసనములను బరిశీలించి వాదించిరి. తూర్పు గాంగవంశజుల రాజధానియైన యా తావున మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు నేఁటికిని నిలిచియున్నవి. మధుకేశ్వరాలయమునందు సంస్కృతమునఁ గొన్నియుఁ దెలుఁగునఁ గొన్నియు శాసనములు చెక్కఁబడియున్నవి. అఖండదీపముల కొసఁగిన దానములు, దాతల పేళ్లు, రాజుల బిరుదములు, శకవత్సరములు వానిలోఁ గానవచ్చును. దాత కీర్తి ఱాతిపై నిలిచెను. ఆ రాజ్యమున భూమిని దున్ని, పండించి, పన్నుఁ గట్టినవాని మాట మాత్రము దానశాసనములలో సాధారణముగా వినరాదు. కళింగదేశమున నీ రెండవవాని మాట యెప్పుడు, ఏ రూపమున వినవచ్చెనను ప్రశ్నకుఁ బెక్కు సమాధానములు గలవు. అందొకదానికి 1939వ సంవత్సరమునఁ బ్రదర్శింపఁబడిన 'రైతుబిడ్డ' యను చలనచిత్రము ముఖ్యసాక్ష్యము.

గూడవల్లి రామబ్రహ్మముగారు సారథి ఫిలిమ్సు పక్షమున దర్శకత్వము వహించిన యీ చిత్రము నేఁటి సామాన్యప్రేక్షకులకు బొత్తిగాఁ దెలియదు. వారి 'మాలపిల్ల' పేరు విన్నవారు పెక్కండ్రు. 'రైతుబిడ్డ'ను స్మరించువారు చలనచిత్ర చరిత్రమునో రైతాంగోద్యమ చరిత్రమునో చదివిన కొలఁదిమంది. ఆ కొలఁదిమందికి మాత్ర మిది మిక్కిలి యిష్టమైన చిత్రము. పాశ్చాత్యదేశములనుండి వచ్చిన నాటక చలనచిత్ర మర్యాదలను దెలుఁగుపల్లెలోని రాజకీయ వ్యంగ్యముతో జతపఱచి, ఆ వ్యంగ్యమును దిన్నగా జమీందారీ వ్యవస్థమీఁదికే త్రిప్పిన తొలిప్రయత్నములలో నిది యెన్నఁదగినది. వ్యంగ్యము తగులవలసినచోటఁ దగిలెననుటకు బొబ్బిలి, వేంకటగిరి సంస్థానాధిపతుల ప్రతిఘటనమే నిదర్శనము. పోషకుని యింటఁ బెరిగిన వ్యంగ్యము పోషకవర్గముమీఁదికే తిరిగినప్పు డేమి జరుగునన్నది యీ చిత్రచరిత్రమునందలి సారము.

ఉత్తర సర్కారులలో 1802వ సంవత్సరమున శాశ్వత పైసలా విధానము నెలకొల్పఁబడెను. కుంఫిణీ ప్రభుత్వమునకు జమీందారు చెల్లింపవలసిన పేష్కషు నాఁడు స్థిరమయ్యెను. రైతు జమీందారునకుఁ జెల్లింపవలసిన శిస్తున కట్టి స్థిరత్వము లేకపోయెను. విజయనగరము, బొబ్బిలి, పర్లాకిమిడి, మందసా మొదలగు సంస్థానముల చరిత్ర మంతయు నీ భేదమునుండియే పుట్టినది. 1908వ సంవత్సరపు ఎస్టేట్సు లాండు ఆక్టు రైతునకుఁ గొంత రక్షణము గల్పించెను గాని, చట్టము పుస్తకమున నుండఁగా దివాణపు నౌకరు గుమ్మమున నుండెను. అర్జీ వ్రాయించుటకును, కోర్టు కెక్కుటకును సొమ్ము వలయును. ఆ సొమ్మునకు షావుకారు నాశ్రయింపవలయును. ఇట్లు జమీందారునకును షావుకారునకును నడుమఁ జిక్కిన చిన్నరైతే తరువాత వెండితెరకుఁ గథానాయకుఁ డయ్యెను.

అంతకు మునుపు ఈ సీమ పాటలలో నాయకులెవ్వరు? 1757 జనవరినెలలో జరిగిన బొబ్బిలియుద్ధమును జంగములు కథగాఁ గట్టి యూరూరఁ బాడిరి. బొబ్బిలి దొరల శౌర్యము, తాండ్ర పాపారాయని సాహసము, విజయరామరాజు మరణము ఆ కథకుఁ బ్రాణము. అది వీరరసప్రధానము. వినువాఁడు రైతు, విననయ్యెడువాఁడు దొర. నూటయెనుబదియేండ్లు గడచిన పిమ్మట నదే బొబ్బిలి వంశమువారు ఒక కథను బాడింపక, ఒక కథ నాపింపఁ బూనవలసివచ్చెను. వీరగాథనుండి వ్యంగ్యమునకు వచ్చిన యీ మార్పు ఒక్కనాఁటిలోఁ గలిగినది కాదు.

వ్యంగ్యమునకు వలసిన మొదటి సాధనము జీవద్భాష. ఈ సంగతి సంస్కృత వైయాకరణులకుఁ గ్రొత్తది గాదు. పాణినీయమున రెండవ యధ్యాయపు నాలుగవ పాదమందలి యొక సూత్రమును వ్యాఖ్యానించుచుఁ బతంజలి మహర్షి యొక సంవాదమును జెప్పెను. ఒక వైయాకరణుఁడు రథమును జూచి, దీని 'ప్రవేత' యెవఁడని యడిగెను. సూతుఁడు తానే దాని 'ప్రాజిత' నని బదులుపలికెను. అది యపశబ్దమని వైయాకరణుఁ డాక్షేపింపఁగా, సూత్రము ప్రాప్తించుట మాత్రమే నీ వెఱుఁగుదువు గాని శిష్టు లిష్టపడిన రూపము నెఱుఁగవని సూతుఁడు వానిని బరిహసించెను. శాస్త్రము చదివినవానికి బండి తోలువాఁడు భాష నేర్పిన యీ కథ మహాభాష్యమునఁ జేరుటయే విశేషము. అధికారము గలవాని మాటలోని లోపమును అధికారము లేనివాని నోటఁ బలికించుట వ్యంగ్యమునకు మూలసూత్రము. విదూషకునకుఁ బ్రాకృతము నిచ్చిన నాటకకర్త లెల్లరు నీ సూత్రమును బాటించినవారే.

తెలుఁగునాట నీ సూత్రము పాశ్చాత్య నాటకరూపమునఁ దొలుత నెత్తినిలిచినది విజయనగరమున. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' 1892లో నచ్చటఁ బ్రదర్శింపఁబడి, 1897లో ముద్రితమై, 1909లోఁ బెంచి వ్రాయఁబడెను. నాందీ ప్రస్తావనలు లేక, పద్యములపై నాధారపడక, వాడుకమాటలతో నడచు గద్యనాటకము పాశ్చాత్యుల మర్యాద. అందు గిరీశము నేషనల్ కాంగ్రెసునుగూర్చి బండివానికిఁ బెద్ద యుపన్యాసము చేయును. అంతయు విన్న బండివాఁడు తన యూరి హెడ్డు కనిష్టీబును ఆ కాంగ్రెసు ఎప్పుడు బదిలీ చేయించునని యడుగును. మహాభాష్యములోని సూతుఁడే యిచ్చట బండివాఁడై తిరిగివచ్చెనా యనిపించును. దేశరాజకీయమున కంతకు నొక్క పల్లెటూరి కొలబద్ద వేసిన యా ప్రశ్న తెలుఁగునందు రాజకీయ వ్యంగ్యమునకు మేలుబంతి.

ఆ నాటకమునకుఁ బోషకుఁడు విజయనగర ప్రభువగు ఆనందగజపతి మహారాజు. విశాఖపట్టణము జిల్లాలో మూఁడేండ్లలో బ్రాహ్మణ కుటుంబములందు జరిగిన కన్యాశుల్క వివాహముల పట్టికను ఆయన తయారు చేయింపఁగా 1034 లెక్కకు వచ్చినవని గురజాడవారే పీఠికలోఁ దెలిపిరి. దురాచారమును రూపుమాపఁగోరిన ప్రభువునకును, దానిని వెక్కిరింపఁగోరిన కవికిని లక్ష్య మొక్కటే యగుటచేఁ బోషణమునకును వ్యంగ్యమునకును విరోధము గలుగలేదు. అగ్రహారీకుఁడు, వకీలు, పోలీసు, సంస్కర్త, అందఱు నందు నవ్వులపాలైరి. శిస్తు వసూలు చేయు దివాణము మాత్ర మా నవ్వునకు లక్ష్యము గాలేదు. కవిని దప్పుపట్టుటకుఁ గాదు గాని, పోషణమునకుఁ గల యెల్లను గుర్తించుట కీ మాట చెప్పవలసియున్నది.

రెండవ మార్గము భాషకు సంబంధించినది. రామమూర్తిపంతులుగారు 1863లో శ్రీముఖలింగము చెంతనున్న పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నుపాధ్యాయులైరి. ఱాతిమీఁది యక్షరములను జదివినవారే జనుల నోటిమాటకు గౌరవమును సాధింపఁ బూనుకొనిరి. పూర్వుల గద్యమందు వ్యావహారిక రూపములు విరివిగాఁ గలవని చూపుచు 'గద్యచింతామణి'ని సంతరించిరి. పర్లాకిమిడిలో వారికి శిష్యులైనవారిలో తాపీ ధర్మారావుగా రొకరు. 1938లో వెలువడిన 'మాలపిల్ల'కు సంభాషణములు వ్రాసినవారు ఈ ధర్మారావుగారే. గుడిపాటి వేంకటచలముగారి కథ కది చిత్రరూపము. పౌరాణిక చిత్రములలో రాజులును ఋషులును గ్రాంథికమున మాటలాడుచుండఁగా, అందుఁ బాత్రలు వాడుకభాషలో మాటలాడెను. గ్రాంథికభాషాభిమానులైనను ఒప్పుకొనవలసిన సంగతి యొకటి యున్నది: ఆ భాష రాకున్నచో మఱుసటియేఁటి 'రైతుబిడ్డ' నోరు మెదపఁజాలకుండెడిది.

ఇఁక రాజకీయ సందర్భము. 1935వ సంవత్సరపు భారత ప్రభుత్వ శాసనము ననుసరించి 1937 తొలినెలలలో రాష్ట్ర శాసనసభలకు ఎన్నికలు జరిగెను. వోటు హక్కు అందఱికిని లేకున్నను మునుపటికంటెఁ బెక్కుమంది రైతులకు లభించెను. నడుమఁ గొన్నినెలలు దక్క 1932 నుండి 1937 వఱకు చెన్నరాష్ట్ర ప్రధానమంత్రిగా నున్న బొబ్బిలి రాజా రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావుగారు జస్టిసు పక్షమునకు నాయకులు. వారు తమ బొబ్బిలిలోనే కాంగ్రెసు పక్షమున నిలిచిన వరాహగిరి వేంకటగిరిగారిచేత నోడింపఁబడిరి. ఆ వేంకటగిరిగారే 1969లో భారత రాష్ట్రపతులైరి. చెన్నరాష్ట్ర శాసనసభలోని 215 స్థానములలో 159 కాంగ్రెసునకు దక్కెను. తరతరములుగా దివాణము ముందు చేతులు గట్టుకొని నిలిచిన రైతు గుమ్మమునకు దివాణమే వోటు కొఱకు రావలసివచ్చుట ఆ యెన్నికలు కల్పించిన హాస్యము. దానిని గవి కల్పింపనక్కఱలేదు. చూచి చెప్పిన చాలును.

ఎన్నికల పిమ్మట రైతుల యాందోళనము మఱింత బలిసెను. 1937-38లో రైతురక్షణయాత్ర ఇచ్ఛాపురమున బయలుదేఱి చెన్నపట్టణము వఱకు నడచెను. రెవెన్యూ మంత్రియైన టంగుటూరి ప్రకాశముపంతులుగారి యధ్యక్షతను ఎస్టేట్సు లాండు ఆక్టు విచారణసంఘ మేర్పడి జిల్లాలలో సాక్ష్యములను గైకొని 1938లో నివేదిక నొసఁగెను. భూమికి స్వామి రైతేయనియు, జమీందారు వసూలు చేయువాఁడు మాత్రమేయనియు, శిస్తులను 1802 నాఁటి పరిమాణమునకుఁ దగ్గింపవలయుననియు నా సంఘ మభిప్రాయపడెను. నివేదిక యింగ్లీషున నుండెను. దాని సారము మాత్రము పల్లెలలోఁ దెలుఁగున వ్యాపించెను. 'రైతుబిడ్డ' చిత్రము తయారైనది ఈ వేడిలో.

చిత్రకథ సులభమైనది. నర్సిరెడ్డి యను చిన్నరైతు ఎన్నికలలో జమీందారు పక్షమును గాదని రైతుపక్షపు వానికిఁ దోడ్పడును. తన్మూలమున వానికిఁ గష్టములు ప్రాప్తించును. నర్సిరెడ్డి పాత్రను ధరించినవారు బళ్లారి రాఘవగారు. వృత్తిచే న్యాయవాదియైన రాఘవగారు ఇంగ్లండు వెళ్లి అచ్చటి రంగస్థలమును జూచివచ్చినవారు. రాగము దీసి పద్యము పాడుటయే నటనమను నాఁటి యలవాటును నిరసించి, భావానుగుణమైన సహజనటనమును బోధించినవారు. టంగుటూరి సూర్యకుమారి, పువ్వుల సూరిబాబుగారలతోఁబాటు గిడుగు వేంకటసీతాపతిగారును నటవర్గమున నుండిరి. సూర్యకుమారి ప్రకాశముగారి యన్నదమ్ముల బిడ్డ. సీతాపతిగారు రామమూర్తిపంతులుగారి కుమారులు. విచారణసంఘమునకును వ్యావహారికోద్యమమునకును బంధువర్గ మొక్కచోటఁ గూడుట కాకతాళీయమే యైనను, ఆ చిత్ర మే గాలిలోఁ బుట్టెనో చెప్పకయే చెప్పుచున్నది.

రచనయందు త్రిపురనేని గోపీచందుగారు పాలుగొనిరి. కొసరాజు రాఘవయ్యచౌదరిగారు చలనచిత్రములకుఁ బాటలు వ్రాయ నారంభించినది దీనితోనే. సంగీతము భీమవరపు నరసింహారావుగారిది. ఇచ్చటఁ గూర్పునందలి నేర్పు గమనింపఁదగినది. కథను దృశ్యములుగా విఱిచి నడపుట, ముఖము దగ్గఱగాఁ జూపి మనసు దెలుపుట, సామాన్యుని దుఃఖమును మహారాజుల దుఃఖముతో సమానమైన గౌరవముతోఁ జిత్రించుట పాశ్చాత్య పద్ధతులు. పాటయం దుండు పల్లెనుడికారము, ఎత్తిపొడుపు, సామెతవంటి విఱుపు మన జానపదుల సొత్తు. మొదటిది లేకున్న నది వీధిపాటగా మిగులును. రెండవది లేకున్న నది యనువాదముగా మిగులును. రెండును గలిసినందుననే ప్రేక్షకుఁడు తెరమీఁద తన యూరినే చూచుకొనఁగలిగెను.

ఆ 1939వ సంవత్సరమున నిట్టి ప్రయత్నములు మఱికొన్ని దేశములలోఁ గూడ జరుగుట చిత్రము. అమెరికాలో జాన్ ఫోర్డు తీసిన 'స్టేజ్‌కోచ్' గుఱ్ఱములు, తుపాకులు గల పడమటిసీమ కథ. అయినను అందుఁ బ్రభుత్వము వర్తకులజోలికి రారాదని యుపన్యసించు బ్యాంకు యజమాని తానే బ్యాంకు సొమ్ము నపహరించి పాఱిపోవుచుండును. ఫ్రాంకు కాప్రా తీసిన 'మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్' చిత్రమును జూచి అమెరికా సెనేటులోని పెద్దలు కొందఱు కోపించిరి. ఫ్రాన్సులో జాఁ రెన్వారు ధనికవర్గమును బరిహసించి తీసిన చిత్రము జూలైలో విడుదలయై, యుద్ధము మొదలైన పిమ్మట నిషేధింపఁబడెను. వీనిలో నొకటి మఱొకదానికి మూలమని చెప్పరాదు. చలనచిత్రమను క్రొత్తరూపమునకు జనసామాన్యము వశమైనదని యెఱిఁగిన రచయితలు, దానినే పెద్దలమీఁదికిఁ ద్రిప్పుట యొక్క కాలమునఁ బలుచోట్ల జరిగెనని మాత్రము చెప్పవచ్చును.

'రైతుబిడ్డ' 1939 ఆగష్టునెలలో విడుదలయ్యెను. బొబ్బిలి, వేంకటగిరి సంస్థానాధిపతులు చట్టరీత్యా చర్య తీసికొందుమని నోటీసులు పంపిరి. కొన్నితావులఁ బ్రదర్శనము నిషేధింపఁబడెను. 1918వ సంవత్సరపు చలనచిత్ర శాసనము, పరీక్షకసంఘ మనుమతించిన చిత్రమునైనను శాంతిభద్రతల పేర నాపుట కధికారులకు వీలు గల్పించియుండెను. ఇచట నొక విచారము గలుగును. చిత్రములోని జమీందారు కల్పితుఁడు. కల్పితునిఁ జూచి నిజమైనవారు కోపించుట యెట్లు? ఆలంకారికుల పరిభాషలో సాధారణీకరణ మనునది రసాస్వాదమునకు మూలము. పాత్ర యొక్కనిదిగాక యందఱిదిగాఁ దోఁచుట. వ్యంగ్యమున నిదే సాధారణీకరణము ఎదుటివైపునకుఁ బనిచేయును. ఎవనిపేరును జెప్పని చిత్రము తమ పేరే చెప్పినట్లు సంస్థానాధిపతులకు వినఁబడెను. ఏ విమర్శకుని ప్రశంసయు నా చిత్రమునకు నోటీసుతో సమానమైన కితాబు గాఁజాలదు.

వింత యింకొకటి గలదు. సారథి ఫిలిమ్సు సంస్థకు వెన్నుదన్ను చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాదుగారు. జమీందారు సొమ్ముతోనే జమీందారీమీఁది వ్యంగ్యము తెరకెక్కెనన్నమాట. రామబ్రహ్మముగారు 'ప్రజామిత్ర' పత్రికకు సంపాదకులుగా నుండి వచ్చినవారు. ఎవరి సొమ్ము చేతఁబడినను చెప్పవలసినది చెప్పు నలవాటు పత్రికలో నలవడియుండును. అయినను పోషకునకుఁ గీర్తి యీయక తప్పదు. ఆనందగజపతి కాలమునఁ బోషకుఁడు తనకుఁ దగులని వ్యంగ్యమును బోషించెను. శివరామప్రసాదుగారి కాలమున వ్యంగ్యము తన వర్గమునకే తగిలెను. 1892కును 1939కిని నడుమఁ దెలుఁగు వ్యంగ్యము నడచిన దూర మిదియే. అదే సమయమున నొక జమీందారు డబ్బు పెట్టఁగా మఱియిద్దఱు జమీందారు లాపఁజూచుట, ఆ వర్గము లోలోపల నెంత పగిలియుండెనో తెలుపుచున్నది.

తెరమీఁది కథ ముగిసినను నేలమీఁది కథ ముగియలేదు. 1940 మార్చినెలలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ సమావేశమయ్యెను. ఏప్రిలు 1వ తేదీన మందసా జమీందారీలోని గుడారి రాజమణిపురమున రైతులకును బోలీసులకును జరిగిన సంఘర్షణలో సాసుమాను గున్నమ్మ తుపాకిగుండునకు బలియయ్యెను. అడవి కట్టెల విషయమున వచ్చిన తగవు దానికిఁ గారణము. చిత్రమువలన నుద్యమము పుట్టెననుట అతిశయోక్తి. ఉద్యమమువలననే చిత్రము పుట్టెను. కాని వెక్కిరింపు నాపఁబూనినవారు వెక్కిరింపునకుఁ గారణమైన కష్టమును బాపలేదనుటకు మందసాయే సాక్షి. ఎనిమిదేండ్లకు, 1948లో, చెన్నరాష్ట్ర శాసనసభ ఎస్టేట్సు రద్దు చట్టమును జేసెను. నోటీసు పంపిన సంస్థానములును సొమ్ము పెట్టిన సంస్థానమును నొక్క చట్టముతోనే పోయెను.

మధుకేశ్వరాలయ శాసనములు శతాబ్దములు గడచినను జదువఁబడుచున్నవి. ఱాయి నిలుచును. ఆ కాలపు ఫిలిము నిప్పునకుఁ దొందరపడు నైట్రేటు పదార్థము. కాలక్రమమునఁ దనంతటఁ జెడును. కావున నట్టి చిత్రములకు సంబంధించిన పాటలపుస్తకములు, ప్రకటనపత్రములు, నాఁటి పత్రికావిమర్శలు, నిషేధపుటుత్తరువులు, సంస్థానములు పంపిన నోటీసులు ఎచ్చట దొరకినను సేకరించి శాసనములవలెనే ప్రకటించుట సాహిత్యపరిశోధకుల కర్తవ్యము. జమీందారీ దస్తావేజులలో శిస్తు లెక్కలు దొరకును. ఆ శిస్తు కట్టినవాఁ డెట్లు నవ్వెనో తెలిసికొనుటకు మాత్ర మీ కాగితములే శరణ్యము.